ఫ్యాన్ మూలుగుతోందా, మిక్సీ ఆగిపోయిందా? మోటారు కాలిందనుకునే ముందు ఇవి చూడండి

ఫ్యాన్ తిరగకపోయినా, మిక్సీ ఆగిపోయినా ఇంట్లో ముందు వినిపించే మాట "మోటారు పోయింది". చాలాసార్లు పోయేది మోటారు కాదు, దానికి తగిలించిన చిన్న సామాను. ఏది పోయిందో శబ్దం, వాసన, మెరుపు చెబుతాయి. కాకపోతే మన ఇళ్లల్లో ఎక్కువగా ఉండేవి రెండు జాతుల మోటార్లు, వాటి రోగాలు వేరు.

సీలింగ్ ఫ్యాన్, కూలర్ ఫ్యాన్, వెట్ గ్రైండర్‌లలో ఉండేది ఇండక్షన్ మోటారు. ఇందులో తిరిగే భాగానికి కరెంటు తీగ తగలదు, రాపిడి అంతా బేరింగుల దగ్గరే. మిక్సీ, డ్రిల్లింగ్ మిషన్, వాక్యూమ్ క్లీనర్‌లలో ఉండేది యూనివర్సల్ మోటారు. ఇందులో రెండు కార్బన్ బ్రష్‌లు తిరిగే ఆర్మేచర్‌ను రాసుకుంటూ కరెంటు అందిస్తాయి. ఫ్యాన్ నిమిషానికి 350, 400 చుట్లు తిరిగితే, ఖాళీ మిక్సీ 18,000 చుట్ల దాకా వెళ్తుంది. ఆ గోల అందుకే. రిమోట్‌తో వచ్చే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ల సంగతి వేరు, వాటి రోగాలు ఎక్కువగా లోపలి ఎలక్ట్రానిక్ బోర్డువి. వాటిని ఇక్కడ పట్టించుకోవడం లేదు.

ఏది విప్పినా స్విచ్ ఆపితే సరిపోదు, మెయిన్ దించండి. వైరింగ్ తప్పుగా ఉన్న ఇళ్లల్లో స్విచ్ న్యూట్రల్ మీద ఉంటుంది, ఆపినా ఫ్యాన్ దగ్గర కరెంటు ఉంటుంది. మిక్సీ అయితే ప్లగ్ పీకేయండి.

ఫ్యాన్ మూలుగుతుంది, తిరగదు. కర్రతో తోస్తే తిరుగుతుంది

ఇది దాదాపు ఎప్పుడూ కండెన్సరే (కెపాసిటర్ అని కూడా అంటారు). ఇంటికొచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు పుట్టించే అయస్కాంత బలం అటూ ఇటూ ఊగుతుందే తప్ప ఒక దిక్కుకు తిప్పదు. అందుకని ఫ్యాన్‌లో రెండు వైండింగ్‌లు, అంటే తీగ చుట్టలు, పెడతారు, రన్నింగ్, స్టార్టింగ్ అని. స్టార్టింగ్ వైండింగ్‌కు వెళ్లే కరెంటును కండెన్సర్ కాస్త ముందుకు జరుపుతుంది. ఆ తేడా వల్లే తిరిగే బలం పుడుతుంది. కండెన్సర్ పోతే ఊపు ఉంటుంది, దిక్కు ఉండదు, మిగిలేది మూలుగు. అప్పుడు మీరు ఎటు తోస్తే అటు తిరుగుతుంది. తోసి నడిపించడం పరీక్షకు ఒకసారి చాలు. రోజూ అలా నెట్టుకొస్తే, తిరగకుండా ఆగి ఉన్నంతసేపూ వైండింగ్ వేడెక్కి నిజంగానే కాలుతుంది.

రెక్కల పైన గిన్నెలాంటి మూత కిందకు దించితే తెల్లటి లేదా నల్లటి చిన్న డబ్బా కనిపిస్తుంది. దాని మీద రాసి ఉన్న అంకె, ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్, చూసి అదే తెచ్చుకోండి. వంద రూపాయల లోపే దొరుకుతుంది. పాతది తీసేటప్పుడు పిడికి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్‌తో దాని రెండు తీగల కొసలు కలపండి, లోపల మిగిలిన కరెంటు చెయ్యి జివ్వుమనిపిస్తుంది.

ఫ్యాన్ తిరుగుతుంది, గాలి సరిగా రాదు

ముందు పక్క గదిలో ఫ్యాన్ చూడండి. అన్నీ నెమ్మదిగా ఉంటే తప్పు వోల్టేజీది. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి మారుతుంది. 230 ఉండాల్సింది 180కి పడితే బలం దాదాపు 40 శాతం పోతుంది. ఎండాకాలం సాయంత్రాలు ఫ్యాన్లన్నీ నీరసపడేది ఇందుకే, దానికి ఇంట్లో మందు లేదు.

ఒక్క ఫ్యానే నెమ్మదిస్తే మళ్లీ కండెన్సరే. లోపల ప్లాస్టిక్ పొర మీద పలచటి లోహపు పూత ఉంటుంది. వోల్టేజీ ఎగసినప్పుడల్లా బలహీనంగా ఉన్న చోట పూత చిన్న మచ్చలా కాలిపోయి, పొర తనను తాను కాపాడుకుంటుంది. ఏళ్ల తరబడి మచ్చలు పెరిగి 2.5 కాస్తా 1.8 అవుతుంది. ఫ్యాన్ ఆగదు, నీరసిస్తుంది. కెపాసిటెన్స్ చూపే మల్టీమీటర్ ఉంటే క్షణంలో తేలిపోతుంది.

స్పీడు కోసం 2.5 స్థానంలో 3.15 వేసే అలవాటు కొందరు మెకానిక్‌లకు ఉంది. ఆ రోజు గాలి బాగానే వస్తుంది, వైండింగ్ మాత్రం వేడెక్కుతూ ఉంటుంది. నేనైతే వేయనివ్వను.

రిపేరు చేయించిన మర్నాటి నుంచి గాలి రాకపోతే, ఫ్యాన్ ఎదురు తిరుగుతోందేమో చూడండి. కండెన్సర్‌కు ఒక కొస దగ్గర ఇవ్వాల్సిన ఫేజ్ రెండో కొసకు ఇచ్చి ఉంటారు. మార్చితే సరిపోతుంది.

గరగరమనే శబ్దం బేరింగులది. నూనె పోస్తే నాలుగు రోజులు తగ్గుతుంది, మార్చడమే మేలు.

మిక్సీ మధ్యలో ఠక్కున ఆగింది

అడుగున ఎర్ర బటన్ ఉంటుంది, అది ఓవర్‌లోడ్ స్విచ్. గట్టి మినప్పిండి, పచ్చి కొబ్బరి, ఎండు పసుపు కొమ్ములు వేసినప్పుడు ఆర్మేచర్ నెమ్మదిస్తుంది. నెమ్మదించే కొద్దీ అది మరింత కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, స్విచ్ దానంతట అది పడిపోతుంది. జార్ తీసి, పావుగంట చల్లారనిచ్చి బటన్ నొక్కండి. సరుకు సగం చేసి, కాసిన్ని నీళ్లు వేసి తిప్పండి. చాలా మిక్సీల మీద 5 నిమిషాలు ఆన్, 2 నిమిషాలు ఆఫ్ అని రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే బ్రష్‌లు అరిగి ఉండవచ్చు. తట్టినప్పుడు ఒకసారి తిరిగి, మళ్లీ ఆగిపోతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఎప్పుడూ రెండూ కలిపి మార్చాలి.

లోపల నిప్పులు కనిపిస్తున్నాయి

గాలి రంధ్రాల్లోంచి చిన్న నీలి మెరుపు కనిపించడం మామూలే. పసుపు రంగు నిప్పు ఆర్మేచర్ చుట్టూ గుండ్రంగా తిరుగుతుంటే వెంటనే ఆపండి. బ్రష్‌లు బాగుంటే, అవి రాసుకునే కమ్యుటేటర్ రాగి పలకల మధ్య కార్బన్ పొడి ఇరుక్కుని ఉండాలి, లేదా ఆర్మేచర్‌లో ఒక చుట్ట కాలి ఉండాలి. పొడి అయితే శుభ్రం చేస్తే పోతుంది. చుట్ట కాలితే రీవైండింగ్ కంటే కొత్త ఆర్మేచర్ వేయించండి, అంత వేగంలో బరువు ఏ మాత్రం తేడా ఉన్నా బేరింగులు తింటుంది.

మోటారు తిరుగుతుంది, జార్‌లో బ్లేడు తిరగదు

మోటారును జార్‌తో కలిపే కప్లర్ పళ్లు అరిగాయి. చుట్టూ నల్లటి పొడి, కాలిన రబ్బరు వాసన ఉంటాయి. చాలా మిక్సీల్లో దీని మర ఎదురు దిశలో ఉంటుంది. మామూలు మర అనుకుని బలవంతంగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది.

జార్ కింద నుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి

దీన్ని చాలామంది గుడ్డతో తుడిచి వదిలేస్తారు. జార్ అడుగున బ్లేడు ఇరుసు తిరిగే బుష్ అరిగిందన్నమాట. ఆ నీళ్లు కప్లర్ పక్కనుంచి పై బేరింగులోకి, అక్కడి నుంచి ఆర్మేచర్‌లోకి దిగుతాయి. బుష్ మార్పించేదాకా ఆ జార్ పక్కన పెట్టి, రెండో జార్ వాడుకోండి.