పెద్ద టర్బో బిగిస్తున్నారా? స్టార్ట్ చేసే ముందు ఆసరా సంగతి చూసుకోండి

టొయోటా సుప్రాలో వచ్చిన 2జేజెడ్-జీటీఈ ఇంజిన్‌కి కంపెనీ ఇచ్చిన రెండు టర్బోలు (పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసేవి) తీసేసి, ఒకే పెద్ద టర్బో పెట్టడం కస్టమ్ బిల్డుల్లో మామూలే. ఇనుప బ్లాక్ కాబట్టి ఎంత పవరైనా తట్టుకుంటుందన్న ధీమా అందరికీ ఉంటుంది. బ్లాక్ తట్టుకుంటుంది సరే. బోర్గ్‌వార్నర్ ఎస్400 తరగతి టర్బో ఒక్కటే దాదాపు 20 కిలోలు తూగుతుంది. ఆసరా పెట్టకపోతే ఆ బరువంతా ఇంజిన్ పొగని టర్బోకి చేర్చే గొట్టాల మ్యానిఫోల్డ్ మీద, దాని వెల్డింగుల మీద పడుతుంది. డైనో (పవర్ కొలిచే యంత్రం) ఎక్కించే ముందే, ట్రాక్‌కి తీసుకెళ్లే ముందే దీని సంగతి తేల్చుకోవాలి.

చిన్న లెక్క వేసి చూడండి. మ్యానిఫోల్డ్‌ని ఇంజిన్ హెడ్‌కి బిగించే పలక, అంటే హెడ్ ఫ్లాంజ్ నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో 20 కిలోలు వేలాడుతుంటే, బండి కదలకుండా ఉన్నప్పుడే ఫ్లాంజ్ దగ్గర దాన్ని వంచే బలం దాదాపు 50 న్యూటన్ మీటర్లు ఉంటుంది. బండి గుంతలో పడ్డ కుదుపుకి ఆ భారం మూడింతలైతే అది 150 అవుతుంది. దానికి ఇంజిన్ వైబ్రేషన్ తోడు. పైగా ఎర్రగా కాలిన ఉక్కుకి చల్లగా ఉన్నప్పటి బలం ఉండదు.

ఇది తెలిసిన చాలామంది వెంటనే ఒక మందపాటి యాంగిల్ ముక్క తెచ్చి, టర్బోకీ బ్లాక్‌కీ మధ్య గట్టిగా వెల్డ్ చేయించేస్తారు. నన్నడిగితే అసలు ఆసరా లేకపోవడం కంటే ఇదే ఎక్కువ ప్రమాదం. స్టెయిన్‌లెస్ 304 గొట్టం వేడికి బాగా సాగుతుంది. 30 సెంటీమీటర్ల గొట్టం 700 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బ్లాక్ అంత వేడెక్కదు కాబట్టి దానితో సమానంగా సాగదు. రెండు వైపులా కదలకుండా బిగించేస్తే ఆ 4 మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? వెల్డింగ్ పగులుతుంది, లేదా ఫ్లాంజ్ వంగుతుంది, లేదా స్టడ్ తెగుతుంది. కాబట్టి బ్రాకెట్ బరువు మోయాలి, సాగే దారికి మాత్రం అడ్డుపడకూడదు.

దీనికి తేలికైన పద్ధతి, రెండు చివరలా రాడ్ ఎండ్‌లు (అటూ ఇటూ వాలగలిగే గుండు కీళ్లు) ఉన్న ఉక్కు రాడ్. ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర ఉంటే రాడ్‌ని తిప్పి పొడవు సర్దుకోవచ్చు. రాడ్ ఎండ్ లోపల టెఫ్లాన్ పొర ఉన్న రకం కొనకండి, ఈ వేడికి పాడైపోతుంది. ఉక్కు మీద ఉక్కు తిరిగే రకమే కావాలి. రాడ్‌ని ఏ దిశలో పెడుతున్నామన్నది కూడా ముఖ్యం. గొట్టాలు పక్కకి వచ్చే మ్యానిఫోల్డ్ అయితే రాడ్ టర్బో కింద నిలువుగా ఉండాలి. టర్బో బయటికి జరిగితే రాడ్ కాస్త వాలుతుంది గానీ బరువు వదలదు. టాప్ మౌంట్‌లో, అంటే టర్బో పైన కూర్చునే మ్యానిఫోల్డ్‌లో గొట్టాలు పైకి సాగుతాయి. అక్కడ కింద నిలువు రాడ్ పెడితే వేడెక్కగానే అది టర్బోని కిందికి గుంజుతుంది. ఇంజిన్ వైపుకి అడ్డంగా రాడ్ పెడితే, టర్బో బయటికి ఒరగకుండా ఆగుతుంది, పైకి సాగడానికి వీలూ ఉంటుంది.

బిగించేటప్పుడు తొందర వద్దు. మ్యానిఫోల్డ్ నట్లన్నీ టార్క్ రెంచ్‌తో బిగించేదాకా టర్బో కింద జాకీ, జాకీ మీద చెక్కముక్క పెట్టి ఆపండి. రాడ్ పొడవు సర్దాక బోల్టు చేత్తో తోస్తేనే రంధ్రంలోకి దూరాలి. సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే పొడవు తప్పినట్టే. తర్వాత బరువు అందుకునేంత మాత్రమే రాడ్ తిప్పి, లాక్ నట్లు బిగించి, ఫ్లాంజ్ వైపు చూస్తూ జాకీ మెల్లగా దించండి. టర్బో కిందికి జారకూడదు.

రాడ్ రెండో చివర ఎప్పుడూ ఇంజిన్‌కే బిగించాలి. బ్లాక్ మీద ఖాళీగా ఉన్న మర రంధ్రాలు, ఇంజిన్ మౌంట్ బ్రాకెట్‌లో బ్లాక్ వైపు భాగం, ఇవి మంచి చోట్లు. ఛాసిస్‌కి మాత్రం బిగించవద్దు. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. మధ్యలో నలిగేది టర్బోయే. టర్బో వైపు టర్బైన్ (పొగ తిప్పే భాగం) ఫ్లాంజ్ దగ్గర పట్టు తీసుకోండి. గాలి తోసే కంప్రెసర్ వైపున్న అల్యూమినియం హౌసింగ్‌కి వేలాడదీయకండి.

టర్బో నుంచి పొగని బయటికి తీసుకెళ్లే డౌన్‌పైప్‌ని చాలామంది పట్టించుకోరు. దాని బరువు కూడా టర్బో మీదే పడుతుంది. గేర్‌బాక్స్ దగ్గర దానికి వేరే ఆసరా ఇచ్చి, ఆ తర్వాత ముడతల ఫ్లెక్స్ పైపు పెట్టి, అక్కడి నుంచి మిగతా ఎగ్జాస్ట్‌ని రబ్బరు హ్యాంగర్లతో బాడీకి కట్టాలి. ఫ్లెక్స్ లేకుండా నేరుగా కలిపితే పైన చేసిన పనంతా వృథా.

మ్యానిఫోల్డ్ వెల్డింగ్ బయట చేయిస్తుంటే, గొట్టం లోపల ఆర్గాన్ నింపి చేస్తారా అని ముందే అడగండి. లేకపోతే స్టెయిన్‌లెస్ లోపలివైపు నల్లగా గరుకుగా పొంగి, బలం తగ్గిపోతుంది. ఆ పొరలు ఊడితే నేరుగా టర్బైన్ రెక్కలకే తగులుతాయి.

నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు ఇక్కడ పనికిరావు, కరిగిపోతాయి. పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్లే వాడండి. మొదటిసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక అన్ని నట్లూ మళ్లీ చెక్ చేయండి.

ఆయిల్ విషయంలో రాజీ పడవద్దు. టర్బో నుంచి ఆయిల్ తిరిగి సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) సొంత బరువుతోనే జారాలి. డ్రెయిన్ పైపు వీలైనంత నిలువుగా, ఎక్కడా పైకి ఎక్కకుండా ఉండాలి. ఆయిల్ ఫీడ్ పైపు బ్రాకెట్‌కి రాసుకుంటోందా అని చేత్తో తడిమి చూడండి. టర్బో కదిలినప్పుడు లాగకుండా పైపుకి కాస్త వదులు ఉంచండి. ఆయిల్ చిమ్మి కాలుతున్న హౌసింగ్ మీద పడితే నిమిషాల్లో బండి బూడిదవుతుంది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డిక్కీలో కాదు, చేతికందే చోట ఉండాలి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లు మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ఇలాంటి బిల్డ్ చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే లాంటి ట్రాకులకే పరిమితం చేసి, అక్కడికి ట్రైలర్ మీద తీసుకెళ్లండి.

ట్రాక్ నుంచి వచ్చిన ప్రతిసారీ, ఇంజిన్ చల్లారాక, గొట్టాలన్నీ కలిసే చోట వెల్డింగ్ చుట్టూ టార్చ్ వేసి చూడండి. నల్లటి మసి గీత కనిపిస్తే అక్కడ లీకు ఉన్నట్టే. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే టక్ టక్ మని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గితే అదీ లీకు గుర్తే. పగులు దొరికితే దాని మీద మళ్లీ వెల్డ్ వేసి తోలేయకండి. ముందు రాడ్ విప్పి, టర్బో తన చోటు నుంచి ఎటువైపు జరుగుతోందో చూడండి. జరిగిందంటే రాడ్ పొడవో దిశో తప్పు, దాన్ని సరిచేశాకే వెల్డర్ దగ్గరికి వెళ్లండి.