పాత ఇండీ వర్క్‌స్టేషన్‌ను ఎంచుకుని మళ్ళీ నడిపించడం ఎలా?

సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ 1993లో విడుదల చేసిన ఇండీ, పాత యూనిక్స్ గ్రాఫిక్స్ వర్క్‌స్టేషన్లపై ఆసక్తి ఉన్నవారు మొదటగా తీసుకోదగిన యంత్రం. నింటెండో 64 ఆటలు తయారు చేసినవారు ప్రత్యేక బోర్డు బిగించుకుని వాడింది కూడా దీన్నే. కొనేవారు సాధారణంగా పెట్టె రంగు చెదరలేదా, కెమెరా ఉందా అని చూస్తారు. అన్నింటికంటే ముందు అడగవలసింది లోపల ఏ ప్రాసెసర్ ఉందన్నది.

దీనికి కారణముంది. ఇండీల్లో ఎక్కువగా కనిపించే ఎక్స్‌ఎల్ గ్రాఫిక్స్ బోర్డు తెరమీద చుక్కలను వేగంగా నింపుతుంది గానీ, త్రిమితీయ బొమ్మను తిప్పడానికీ దూరాన్నిబట్టి చిన్నది చేయడానికీ కావలసిన లెక్కలన్నీ ప్రాసెసరే చేయాలి. ఆ పనికి వేరే జామెట్రీ ఇంజిన్లున్నది ఎక్స్‌జెడ్ బోర్డులోనే. ఇండీకి వచ్చిన ప్రాసెసర్లన్నీ 64 బిట్ల మిప్స్ కుటుంబానివే అయినా, వాటి మధ్య తేడా చాలా ఉంది. ఆర్4600పీసీకి సెకండరీ క్యాష్ (ప్రాసెసర్‌కు తోడుగా ఉండే చిన్న, వేగమైన మెమరీ) అసలు లేదు. ప్రోగ్రాం కాస్త పెద్దదైతే ప్రతిసారీ నెమ్మదైన మెమరీ దాకా పోయి రావలసివస్తుంది. ఆర్4400ఎస్‌సీకి 1 మెగాబైట్ సెకండరీ క్యాష్ ఉంటుంది కాబట్టి కంపైలింగ్ (ప్రోగ్రాం కోడ్‌ను యంత్రభాషలోకి మార్చడం) వంటి పనులకు అది బాగా నిలబడుతుంది. ఆర్5000లో గుణకారాన్నీ కూడికనూ ఒకే ఆదేశంతో ముగించే మిప్స్ 4 సూచనలున్నాయి; బొమ్మ మూలలను మాట్రిక్స్‌తో గుణించే లెక్కకు సరిగ్గా కావలసింది అదే. కాబట్టి ఎక్స్‌ఎల్ బోర్డున్న ఇండీకి 180 మెగాహెర్ట్జ్ ఆర్5000ను మించిన జోడీ లేదని నా అభిప్రాయం.

అమ్మేవారి మాట మీద ఆధారపడకుండా, యంత్రంలోని భాగాలను చూపే హిన్వ్ ఆదేశం ఇచ్చే జాబితా ఫొటో అడగండి. అందులో ప్రాసెసర్ వేగం, చిప్ పేరు, సెకండరీ క్యాష్ పరిమాణం, గ్రాఫిక్స్ 8 బిట్లదా 24 బిట్లదా అన్నవి విడివిడి వరుసల్లో కనిపిస్తాయి. సెకండరీ క్యాష్ వరుస లేకపోతే ఆ క్యాష్ లేదన్నమాట. ఇండీ బోర్డు పేరును ఐపీ22గా చూపిస్తుంది, అందులో అనుమానించవలసింది ఏమీ లేదు.

మెమరీకి ఎనిమిది స్లాట్లున్నాయి. 72 పిన్నుల పారిటీ సిమ్‌లను (తప్పులు పట్టే అదనపు బిట్ ఉన్న మెమరీ పలకలను) ఒకే పరిమాణంలో నాలుగేసి చొప్పున పెట్టాలి. గరిష్ఠం 256 మెగాబైట్లు. మానిటర్ కేబుల్ విషయంలో జాగ్రత్త అవసరం: 13డబ్ల్యూ3 కనెక్టర్ చూడటానికి సన్ సంస్థ వర్క్‌స్టేషన్లదానిలాగే ఉన్నా లోపలి వైరింగు వేరు. సిలికాన్ గ్రాఫిక్స్‌కు సరిపడే అడాప్టరును, ఆకుపచ్చ సిగ్నల్‌లోనే సింక్ (బొమ్మను తెరపై కుదురుగా నిలిపే సంకేతం) అందుకోగల మానిటర్‌ను తీసుకోండి. మానిటర్ కుదరకపోతే కీబోర్డు తీసేసి ఆన్ చేయండి, కన్సోల్ (యంత్రంతో అక్షరాల్లో మాట్లాడే తెర) 9600 బాడ్ వేగంతో మొదటి సీరియల్ పోర్టుకు మారుతుంది.

ఆన్ చేయగానే ఎస్కేప్ నొక్కితే మెయింటెనెన్స్ మెనూ వస్తుంది. గడియారపు చిప్‌లోనే లిథియం బ్యాటరీ ఇమిడి ఉంటుంది. ఇన్నేళ్ళకు అది అయిపోయి ఉంటుంది కాబట్టి తేదీ తప్పుగా కనిపిస్తే చిప్‌నే మార్చాలి.

పాత హార్డ్ డిస్క్ ఇంకా తిరుగుతున్నా దాన్ని నమ్ముకోవద్దు. ముందు దాని పూర్తి ప్రతిని తీసి భద్రపరచండి, ఎందుకంటే ఎవరిదో పాత సాఫ్ట్‌వేర్, లైసెన్సులు మరెక్కడా దొరకకపోవచ్చు. తరువాత డిస్కులను కలిపే 50 పిన్నుల స్కజీ కనెక్టరుకు బ్లూస్కజీ వంటి మెమరీ కార్డు పరికరం బిగించి, డిస్కుకు 1వ నంబరు, సీడీ డ్రైవుకు 4వ నంబరు ఇవ్వండి, 0 కంట్రోలరుది. చాలామందిని ఆపేసే చిక్కు ఇక్కడే ఉంది: మామూలు సీడీ డ్రైవులు 2048 బైట్ల బ్లాకులతో చదువుతాయి, ఇండీ మాత్రం 512 బైట్ల బ్లాకులు ఇచ్చే డ్రైవు నుంచే బూట్ అవుతుంది. అసలు డ్రైవైనా, కార్డులోని సీడీ ప్రతిరూపమైనా ఈ అమరిక చూసుకోండి.

కొత్త డిస్కుకు ముందు సీడీ నుంచి డిస్కును విభజించే ఎఫ్‌ఎక్స్ ప్రోగ్రాం నడిపి, రూట్ డ్రైవుగా (వ్యవస్థ ఉండే డిస్కుగా) విభజించి లేబుల్ రాయించాలి. ఆ తరువాతే మెనూలోని ఇన్‌స్టాల్ ఎంపికకు వెళ్ళాలి. అది మినీరూట్ అనే చిన్న వ్యవస్థను స్వాప్ విభాగంలోకి కాపీ చేసి అక్కడి నుంచి నడుస్తుంది. విభజన లేని డిస్కులో అది దిగడానికి చోటుండదు. సిలికాన్ గ్రాఫిక్స్ వారి యూనిక్స్ అయిన ఐరిక్స్‌లో ఇండీకి చివరిగా పనిచేసేది 6.5.22. ఐరిక్స్‌ను ఎక్కించే ఇన్‌స్ట్ ప్రోగ్రాంకు ఓవర్‌లే (మార్పుల) సీడీలను, ఫౌండేషన్ (మూల) సీడీలను అన్నింటినీ చూపించాకే ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టండి. ఒక్కొక్కటిగా వేస్తే పరస్పర విరోధాల జాబితా పెరిగిపోతుంది.

మొదటిసారి లాగిన్ అయ్యాక చేయవలసిన పని పాస్‌వర్డులు పెట్టడం. ఐరిక్స్‌లో సర్వాధికారాలున్న రూట్ ఖాతాతో పాటు ఎల్‌పీ, గెస్ట్, డెమోస్ వంటి ఖాతాలు కూడా పాస్‌వర్డు లేకుండానే వస్తాయి, నెట్‌వర్కు ద్వారా దూరం నుంచి లాగిన్ కానిచ్చే టెల్‌నెట్ తెరిచే ఉంటుంది. వాటిని మూసేసిన తరువాత కూడా ఈ యంత్రాన్ని ఇంటి నెట్‌వర్కు లోపలే ఉంచండి, నేరుగా ఇంటర్నెట్‌కు కలపవద్దు.