హడావుడిని ఇంగ్లీషులో చెప్పాలంటే

ఎవరైనా తొందరగా కదిలారని ఇంగ్లీషులో రాయాల్సి వస్తే చాలామంది 'హీ వెంట్ ఫాస్ట్' అని ఊరుకుంటారు. తప్పేమీ కాదు, కానీ మనిషి ఎలా కదిలాడో కళ్లకు కట్టదు. అందుకే నేను పాఠం చెప్పేటప్పుడు విడి మాటలు రాయించను. క్రియనూ దాని పక్కనుండే చిన్న మాటనూ కలిపే నోట్‌బుక్‌లో రాసుకోమంటాను.

'ఐ యామ్ హర్రీ' అనకండి, 'ఐ యామ్ ఇన్ ఎ హర్రీ' అనాలి. తొందరేం లేదనడానికి 'దేర్ ఈజ్ నో రష్' చాలు. 'హర్రీ అప్' మాత్రం పెద్దవాళ్లతో అంటే గద్దించినట్టుంటుంది.

నాకు బాగా ఇష్టమైన క్రియ 'డాష్'. పరుగు ఎటో పక్కమాటే చెబుతుంది. 'డాష్డ్ అవుట్' అంటే బయటికి, 'డాష్డ్ అక్రాస్ ద రోడ్' అంటే రోడ్డుకు అడ్డంగా. బస్సు అందుకోవాలని పరుగెత్తితే 'మేడ్ ఎ డాష్ ఫర్ ద బస్'. అదే 'డాష్డ్ ఆఫ్ ఎ లెటర్' అంటే పరుగు కాదు, ఉత్తరం గబగబా రాసి పడేయడం. 'బర్స్ట్'తో ఇంకా జాగ్రత్త కావాలి. గదిలోకి ఒక్కసారిగా దూసుకొస్తే 'బర్స్ట్ ఇంటు ద రూమ్'. ఫక్కున నవ్వితే 'బర్స్ట్ ఇంటు లాఫ్టర్' లేదా 'బర్స్ట్ అవుట్ లాఫింగ్'. 'ఇంటు' తర్వాత నామవాచకం, 'అవుట్' తర్వాత 'ఇంగ్' రూపం. రెండూ కలిపేసి 'బర్స్ట్ ఇంటు లాఫింగ్' అనడం పిల్లల నోట రోజూ వింటుంటాను.

ఎలుక, బల్లి చటుక్కున కదిలితే 'డార్ట్'. బెదిరిన గుర్రం పరుగు లంకించుకుంటే 'బోల్ట్'. ఉలిక్కిపడి నిద్ర లేస్తే 'వోక్ విత్ ఎ స్టార్ట్', దిగ్గున లేచి నిలబడితే 'జంప్డ్ టు హిజ్ ఫీట్', సడన్ బ్రేక్ వేస్తే 'స్లామ్డ్ ఆన్ ద బ్రేక్స్'.

నిర్ణయాల దగ్గర తేడా గట్టిగా గుర్తుంచుకోండి. 'క్విక్ డెసిషన్' అంటే త్వరగా తీసుకున్నదని మాత్రమే. 'హేస్టీ డెసిషన్' అంటే ఆలోచించకుండా తీసుకున్నదని తప్పుపట్టడం. ఆఫీసు మెయిల్‌లో ఒకదానికి బదులు ఇంకొకటి పడితే అవతలివాళ్లు నొచ్చుకుంటారు.

అభ్యాసానికి ఒక్క ఘటన చాలు: ఫోన్ మోగింది, ఒకతను లేచాడు. ఉలిక్కిపడి లేచినట్టు, ఆత్రంగా పరుగెత్తినట్టు, విసురుగా బయటికి పోయినట్టు మూడు వాక్యాలు రాయండి. రాశాక పైకి చదువుతూ, ప్రతి క్రియ పక్కనున్న చిన్న మాట కింద గీత గీయండి.