పాత బుల్లెట్‌ను కొత్త చేతుల్లో పెట్టడం ఎలా?

ముప్పై నలభై ఏళ్లు ఇంట్లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌ను ఇచ్చేటప్పుడు మనవాళ్లు చేసేది ఇంతే. డబ్బులు లెక్కపెట్టుకుంటారు, తాళంచెవి చేతిలో పెడతారు, "జాగ్రత్తగా చూసుకో అబయా" అంటారు. నెల తిరిగేసరికి ఆ బండి ఎవరింటి వసారాలోనో గోడకు ఆనుకొని దుమ్ము పట్టి ఉంటుంది. తీసుకున్నవాడిని అడిగితే "పాత బండి కదన్నా, స్టార్ట్ కాదు" అంటాడు. అది బండి తప్పు కాదు, స్టార్ట్ చేయడం నేర్పకుండా ఇచ్చిన పెద్దమనిషి తప్పు.

నేను చెప్పేది పాత క్యాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ గురించి. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, మూసుకొని తెరుచుకుంటూ ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే ప్లాటినం పాయింట్లు, హెడ్‌లైట్ మీద కరెంటు చూపించే సూది మీటరు (అమ్మీటర్), సెల్ఫ్ ఉండదు. 1955లో మద్రాసులో మొదలుపెట్టి తిరువొత్తియూరులో దశాబ్దాల పాటు చేసిన బండి. అమెరికాలో పాత ఫోర్డు కార్లను ఊడదీసి వేగం కోసం మార్చుకొని 'హాట్ రాడ్లు' చేసుకున్నట్టు మనవాళ్లు కూడా వీటి మడ్‌గార్డులు కోసి, హ్యాండిల్ మార్చి, సైలెన్సర్ మార్చి రకరకాలుగా చేసుకున్నారు. అలా మార్చిన బండికైనా, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండికైనా అప్పగించే పద్ధతి ఒకటే.

ఎవరికి ఇవ్వాలి

ఎక్కువ డబ్బు ఇస్తానన్నవాడికి కాదు. వారానికి రెండుసార్లయినా నడిపేవాడికి ఇవ్వాలి. హాల్లో అలంకారానికి పెడతానంటే ఇవ్వొద్దు. చూడ్డానికి చెప్పులేసుకొచ్చి నేరుగా కిక్ మీద కాలు పెట్టినవాడికి అసలు ఇవ్వొద్దు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లయితే బండిని ఎక్కడ పెడతారో అడగండి. ఉప్పుగాలి ముందు స్పోకుల్ని, రిమ్ముల్ని తింటుంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే చెమ్మ లోపలే ఉండిపోయి ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. పైన రేకు, బండి మీద పాత నూలు దుప్పటి చాలు.

కాగితాలు

బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29 రెండు కాపీలు, పేరు మార్పు దరఖాస్తు ఫారం 30, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. తమిళనాడు నంబరు అయితే అక్కడి నుంచి ఫారం 28 మీద అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ). బండి నాన్నగారి పేరు మీదే ఉండి ఆయన పోయి ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్చాలి. పదిహేనేళ్లు దాటిన ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అది చేయించకుండా బేరానికి కూర్చోవద్దు.

ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి "నువ్వే మార్చుకో" అనే అలవాటు మానండి. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలని చట్టమే చెబుతోంది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. మధ్యలో నలుగురి చేతులు మారినా కోర్టు కాగితం మీ ఇంటికే వస్తుంది.

ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోతున్నాయో లేదో తీసుకునేవాడి ముందే గుడ్డతో తుడిచి చూపించండి. ఎప్పుడో ఇంజన్ మార్చి ఆర్‌సీలో ఎక్కించకపోతే అది మీరు తేల్చాల్సిన పని, వాడిది కాదు. ఇంకో మాట. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. ఇంజన్, ఛాసిస్, బాడీ పెద్దగా మార్చకుండా ఉన్నవాటికే అది. పైగా ఆ నంబరు మీద రోజువారీ తిరగడానికి లేదు. కోసి మార్చిన బండికి వింటేజ్ నంబరు వస్తుందని ఆశపెట్టి రేటు పెంచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బండిని సిద్ధం చేయడం

ఆయిల్ మార్చండి. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంచండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వులను కదిలించే పుష్‌రాడ్లు వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. పెట్రోలు పైపు కొత్తది వేయండి, ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు ఆగదు. కడిగించి మెరిపించాల్సిన పనిలేదు. మెరిసే బండిని చూసి మురిసేవాడు ఆయిల్ కారే చోట్లు చూడడు.

కిక్ నేర్పడం

అసలు పని ఇదే. దీనికి ఒక పొద్దున పూర్తిగా పెట్టుకోండి. మధ్యాహ్నం వద్దు, ఇంజన్ రాత్రంతా చల్లారి ఉండాలి. వేడి బండిని మీరు ఒక్క కిక్‌తో లేపి చూపిస్తే వాడు నేర్చుకునేది ఏమీ ఉండదు.

సెంటర్ స్టాండ్ వేయండి. వాడి కాలికి గట్టి బూటు ఉండాలి. న్యూట్రల్, పెట్రోలు ఆన్, చోక్ వేయాలి, లైట్లు ఆపాలి. ఇప్పుడు తాళంచెవి తిప్పి అమ్మీటర్ సూదిని చూడమనండి. కిక్‌ను చేత్తో నొక్కినంత నెమ్మదిగా కాలితో కిందికి దించుతుంటే సూది ఒకసారి మైనస్ వైపు పడుతుంది, ఒకసారి నడుమకు వస్తుంది. మైనస్‌లో ఉంటే పాయింట్లు మూసుకొని ఉన్నట్టు, నడుమకు వస్తే తెరుచుకున్నట్టు. ఒక చోట కిక్ గట్టిగా అడ్డుకుంటుంది. అదే కంప్రెషన్. కొత్తవాళ్లు కొట్టేది సరిగ్గా అక్కడే, దెబ్బ తగిలేదీ అక్కడే.

అడ్డుకున్న చోట ఆపి, హ్యాండిల్ దగ్గరి చిన్న డీకంప్రెసర్ లివర్ నొక్కాలి. సిలిండర్‌లో గాలి తుస్సుమని పోతుంది, కిక్ మెత్తబడుతుంది. లివర్ నొక్కే ఉంచి కిక్‌ను ఇంకాస్త, చాలా కాస్త, దించాలి. మైనస్‌లో ఉన్న సూది నడుమకు లేచిన క్షణంలో ఆగిపోవాలి. మొదటినుంచీ నడుమనే ఉన్న సూది లెక్కలోకి రాదు, మైనస్‌కు పడి లేవాలి. ఇక లివర్ వదిలేయాలి. కిక్‌ను పూర్తిగా పైకి రానివ్వాలి. అప్పుడు పాదం నడిభాగం కిక్ మీద పెట్టి, మోకాలు కొంచెం వంచి, ఒళ్లు బరువంతా వేసి అడుగుదాకా ఒకే ఊపులో తొక్కాలి. యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు.

తొక్కేటప్పుడు మధ్యలో భయపడి కాలు తేలిక చేయడం అన్నిటికంటే ప్రమాదం. పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుంటే ఇంజన్ వెనక్కి తిరుగుతుంది, కిక్ రాడ్డు ఎదురు తంతుంది. చీలమండ బెణుకుతుంది, పిక్క పగులుతుంది. సరిగ్గా పెట్టి తొక్కినా ఎదురు తంతోందంటే తప్పు కాలిది కాదు, మంట అంటుకునే టైమింగ్ ముందుకు జరిగింది. అలాంటి బండితో నేర్పించొద్దు. టైమింగ్ సరిచేయించాకే వాడిని పిలవండి.

"బలంగా కొడితే అదే లేస్తుంది" అనేవాళ్లు మన ట్రంకు రోడ్డు నిండా ఉన్నారు. ఈ ఇంజన్‌కు బలంతో పనిలేదు. సూది చూసి తొక్కితే సన్నగా ఉన్న కాలేజీ పిల్ల కూడా లేపుతుంది. కొందరు మెకానిక్‌లు సూది అక్కర్లేదు, కాలికే తెలుస్తుంది అంటారు. వాళ్ల కాలికి తెలుస్తుంది, నిజమే. కొత్తవాడి కాలికి ఎక్కడినుంచి తెలుస్తుంది? ముందు కన్ను నేర్చుకోవాలి, తర్వాత కాలు. తోసి స్టార్ట్ చేయడం మాత్రం నేర్పనే వద్దు. అది తెలిస్తే వాడు కిక్ జోలికి రాడు.

పాయింట్లు మూసుకొని ఉండగా తాళంచెవి ఆన్‌లో వదిలేసి కబుర్లు చెప్పుకోవద్దు, కాయిల్ కాలుతుంది. ప్రతి ప్రయత్నానికి మధ్య ఆఫ్ చేయించండి. బ్యాటరీ దిగిపోతే సూది కదలదు, ఆ సంగతీ ముందే చెప్పాలి.

చల్లటి ఇంజన్ లేపడం వచ్చాక వేడి ఇంజన్. ఇద్దరూ కలిసి నెల్లూరు దగ్గరి జొన్నవాడ దాకా వెళ్లండి. బండికి అమ్మవారి దగ్గర పూజా అయిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు దారిలో టీకొట్టు దగ్గర ఆపి, టీ తాగాక వాడినే స్టార్ట్ చేయమనండి. ఈసారి చోక్ వద్దు. అలవాటుగా చోక్ వేస్తాడు, పెట్రోలు నిండిపోయి మొరాయిస్తుంది. మీరు చేయి పెట్టొద్దు. తాళంచెవి ఆఫ్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, డీకంప్రెసర్ నొక్కి నాలుగైదు సార్లు తొక్కితే ఎక్కువైన పెట్రోలు బయటికి పోతుంది. తర్వాత మామూలుగా సూది చూసి తొక్కాలి. చూస్తున్న నలుగురి ముందు చెమట పట్టినా ఒంటరిగా లేపిన రోజే బండి ఇవ్వాలి, అంతకుముందు అడ్వాన్సు కూడా తీసుకోవద్దు.

నడపడం

కుడికాలితో ఒకటో గేరు పైకి, మిగతా మూడూ కిందికి. కొత్త బండ్లకు అలవాటుపడ్డవాడు కంగారులో బ్రేకు అనుకొని గేరు తొక్కుతాడు. అందుకే మొదట ఖాళీ రోడ్డు మీద, హైవే తర్వాత.

చివరగా ఇవ్వాల్సినవి

ఊడదీసి అటక మీద పెట్టిన అసలు సైలెన్సర్, మడ్‌గార్డులు, హ్యాండిల్ అన్నీ ఇచ్చేయండి, వాటిని విడిగా అమ్ముకోవద్దు. పాయింట్ల సెట్టు, కండెన్సర్, ప్లగ్గు, క్లచ్ కేబుల్ ఒక డబ్బాలో వేసి ఇవ్వండి. చాలా రోజులు ఆపి ఉంచితే ఆయిల్ ఇంజన్ అడుగుకు దిగి, స్టార్ట్ చేయగానే పొగ కమ్ముతుందని, కంగారుపడి ఇంజన్ విప్పించొద్దని చెప్పండి. ఇన్సూరెన్స్ పేరు మార్పు కూడా పద్నాలుగు రోజుల్లోనే అడగాలి, ఆ దరఖాస్తు మీ ఎదురుగానే పెట్టించండి.