షుగర్ ఉన్న పిల్లికి ఇంట్లోనే గ్లూకోజ్ పరీక్ష చేయడం ఎలా?

పిల్లికి డయాబెటిస్ అని తేలితే డాక్టర్ సాధారణంగా రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ రాస్తారు. మెడ వెనక తోలు పట్టుకుని సూది వేయడం చాలామంది తొందరగానే నేర్చుకుంటారు. చెవి గుచ్చి రక్తం తీయాలి అనేసరికే టెన్షన్ మొదలవుతుంది. ఎలాగూ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం కదా, మళ్లీ ఇంట్లో ఎందుకు అనిపిస్తుంది.

ఎందుకంటే ఆసుపత్రిలో వచ్చే అంకెను పూర్తిగా నమ్మలేం. పిల్లి బెదిరితే దాని ఒంట్లో గ్లూకోజ్ అమాంతం పెరుగుతుంది. బుట్టలో పెట్టి తీసుకెళ్లి, కుక్కల అరుపుల మధ్య కూర్చోబెట్టి, కొత్తవాళ్లు పట్టుకుని రక్తం తీస్తే అసలు షుగరే లేని పిల్లికి కూడా 300 దాటవచ్చు. ఆ అంకె చూసి ఇన్సులిన్ పెంచితే, ఇంటికొచ్చి స్థిమితపడ్డాక అదే మోతాదు ఎక్కువై షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. అలవాటైన చోట, అలవాటైన చేతుల్లో చేసిన పరీక్ష అసలు పరిస్థితికి దగ్గరగా ఉంటుంది.

అంటే ఇంట్లో పరీక్షకున్న విలువంతా పిల్లి ప్రశాంతంగా ఉండటంలోనే ఉంది. తువ్వాల్లో బిగించి, ఇద్దరు అదిమి పట్టుకుని, అది గీపెడుతుంటే తీసిన చుక్క ఆసుపత్రి చుక్కకన్నా ఏం మెరుగు? అందుకే కింద చెప్పేవాటిలో చాలా వాటికి సూదితో పనే ఉండదు.

మొదలుపెట్టే ముందు మీ వెటర్నరీ డాక్టర్‌ను రెండు అడగండి. ఒకసారి తమ ఎదుట మీ చేత చేయించమనండి. ఏ అంకె కన్నా తక్కువుంటే ఇన్సులిన్ ఇవ్వకూడదో, ఎప్పుడు ఫోన్ చేయాలో కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితం లేకుండా మీటర్ కొనడం వల్ల కంగారు పెరగడం తప్ప ఉపయోగం తక్కువ.

ఏ మీటర్ కొనాలి?

గ్లూకోమీటర్లు రెండు రకాలు. పెంపుడు జంతువుల కోసం చేసినవి కొన్ని (ఆల్ఫాట్రాక్ లాంటివి), మనుషుల కోసం చేసినవి మిగతావన్నీ. మనుషుల రక్తంలోని గ్లూకోజ్‌లో చెప్పుకోదగ్గ భాగం ఎర్రకణాల్లో ఉంటుంది. పిల్లి రక్తంలో దాదాపు అంతా ప్లాస్మాలోనే ఉంటుంది. ఈ తేడా వల్ల మనుషుల మీటర్‌తో పిల్లి రక్తం చూస్తే అంకె సాధారణంగా ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అలాగని అది పనికిరాదని కాదు. చాలామంది దానితోనే నెట్టుకొస్తారు, దాని స్ట్రిప్‌లు తేలిగ్గా దొరుకుతాయి కూడా. ఏది వాడుతున్నారో డాక్టర్‌కు చెప్పాలి, ఒకదానికే కట్టుబడాలి. పొద్దున ఒక మీటర్, రాత్రి ఇంకో మీటర్ వాడి ఆ రెండు అంకెలనూ పోల్చడం మాత్రం శుద్ధ దండగ. జంతువుల మీటర్ అయితే దానిలో కుక్కకు, పిల్లికి వేరువేరు కోడ్‌లు ఉండవచ్చు. పిల్లి కోడ్ పెట్టారో లేదో చూసుకోండి.

స్ట్రిప్‌ల డబ్బా మూత వెంటనే మూసేయాలి. తేమ తగిలితే స్ట్రిప్ పాడై తప్పు అంకె ఇస్తుంది. గడువు తేదీ దాటినవి పారేయండి. మీటర్‌తో పాటు దొరికే కంట్రోల్ ద్రావణంతో (గ్లూకోజ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) అప్పుడప్పుడు సరిచూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

ఇక లాన్సెట్, అంటే గుచ్చే చిన్న సూది. దీని మీద గేజ్ సంఖ్య ఎంత పెద్దదైతే సూది అంత సన్నం. కొత్తలో 26 నుంచి 28 గేజ్ మంచిది. మరీ సన్నది వాడితే నొప్పి ఉండదనుకుంటాం గానీ, చుక్క రాక మళ్లీ మళ్లీ గుచ్చాల్సి వస్తుంది. చెవి అలవాటు పడ్డాక 30కి మారవచ్చు. లాన్సెట్‌ను పెన్నులాంటి పరికరంలో పెట్టి మీట నొక్కే పద్ధతి కొందరికి సుఖం. కాకపోతే ఆ టిక్ చప్పుడుకు ఉలిక్కిపడే పిల్లులు చాలా ఉన్నాయి. చేత్తో గుచ్చితే ఎక్కడ గుచ్చుతున్నామో కళ్లకు కనిపిస్తుంది, నా ఓటు దానికే.

ఇవి కాక కాస్త దూది, చిన్న టార్చ్, కొద్దిగా పెట్రోలియం జెల్లీ, గోరువెచ్చని నీళ్లు నింపిన చిన్న మందు సీసా, ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన మాంసం ముక్కలు. ముక్కల బదులు పిండిపదార్థం ఎక్కువున్న బిస్కెట్లు పెడితే మనం కొలిచే షుగర్‌ను మనమే పెంచినట్టవుతుంది.

సూది లేని రోజులు

వెంటనే గుచ్చకండి. ముందు కొన్నాళ్లు రోజూ ఒకే వేళకు, ఒకే చోట పిల్లిని కూర్చోబెట్టి చెవులు నిమరండి, ఒక ముక్క పెట్టి వదిలేయండి. మర్నాడు వెచ్చని సీసా చెవికి ఆనించి, ముక్క. ఆ తర్వాత మీటర్ ఆన్ చేసి ఆ బీప్ వినిపించి, ముక్క. చివరికి ఆ చోటు చూడగానే అదే వచ్చి కూర్చునే స్థితికి రావాలి. కొన్ని పిల్లులు నిజంగానే వస్తాయి, ముక్క కోసమే అనుకోండి.

పరిస్థితి తీవ్రంగా ఉండి డాక్టర్ ఈ రోజు నుంచే చూడమంటే ఇంత తీరిక దొరకదు. అప్పుడైనా గుచ్చిన ప్రతిసారీ ముక్క పెట్టండి, చుక్క రాకపోయినా సరే. ముక్క పిల్లి ఓపికకు గానీ మన విజయానికి కాదు.

గుచ్చడం

1. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కుని ఆరనివ్వండి. మీటర్‌లో స్ట్రిప్ పెట్టి పక్కన సిద్ధంగా ఉంచండి. కొన్ని మీటర్లు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి కాబట్టి మరీ ముందుగా పెట్టొద్దు.

2. చెవిని వెచ్చబరచండి. కొత్తవాళ్లు తొందరలో ఎగ్గొట్టేది ఇదే, చుక్క రాకపోవడానికి అసలు కారణం కూడా ఇదే. చల్లటి చెవిలో రక్తం అంచుదాకా రాదు. వెచ్చని సీసాను గానీ, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను గానీ అర నిమిషం, నిమిషం ఆనించి ఉంచండి. ముందు మీ మణికట్టు మీద పెట్టుకుని చూడండి, చురుక్కుమంటే పిల్లికీ చురుక్కుమంటుంది. గుడ్డ వాడితే తర్వాత చెవిని పూర్తిగా తుడవాలి, నీటి తడి చుక్కలో కలిస్తే అంకె మారిపోతుంది. స్పిరిట్ వాడకండి. మండుతుంది, ఆ వాసన పిల్లికి గిట్టదు, ఆరకపోతే పరీక్షా చెడుతుంది.

3. చెవి వెనక టార్చ్ పెడితే బయటి అంచు వెంబడి సన్నటి రక్తనాళం గీతలా కనిపిస్తుంది. మీరు గుచ్చాల్సింది దాన్ని కాదు. ఆ గీతకూ చెవి అంచుకూ మధ్యనున్న ఇరుకు చోటు, అక్కడ సన్నటి కేశనాళికలు ఉంటాయి. నాళాన్నే గుచ్చితే నొప్పి ఎక్కువ, కమిలిపోతుంది కూడా.

4. ఆ చోట పెట్రోలియం జెల్లీని పలచగా, కనీకనిపించనంత రాయండి. రక్తం వెంట్రుకల్లోకి పాకిపోకుండా గుండ్రటి చుక్కగా నిలుస్తుంది.

5. చెవి వెనక మడిచిన దూదిని వేలితో ఆనించి పట్టుకోండి. చెవికి ఆసరా ఉంటుంది, సూది అవతలికి దిగినా మీ వేలు భద్రం. లాన్సెట్‌ను ఒక్క విసురులో, తడబడకుండా గుచ్చి తీసేయండి. భయపడుతూ మెల్లగా నొక్కితేనే ఎక్కువ నొప్పి.

6. చుక్క వెంటనే రాకపోతే గుచ్చిన చోటు వైపు చెవిని మెల్లగా వేళ్లతో ఒత్తుతూ రండి. గట్టిగా పిండకండి. చాలా మీటర్లకు గసగసంత చుక్క సరిపోతుంది.

7. స్ట్రిప్ కొసను చుక్క పక్కన తాకిస్తే అదే పీల్చుకుంటుంది. చుక్క మీద అదిమితే చెదిరిపోతుంది. పిల్లి తల కదుపుతుంటే చుక్కను మీ శుభ్రమైన గోటి మీదికి తీసుకుని, పిల్లిని వదిలేసి, తాపీగా గోటి మీంచి స్ట్రిప్‌కు అందించండి. ఈ ఒక్క కిటుకు తెలిస్తే సగం స్ట్రిప్‌లు మిగులుతాయి.

8. గుచ్చిన చోట దూదితో ఓ అర నిమిషం అదిమి పట్టండి. ముక్క పెట్టండి. ఆ తర్వాతే అంకె చూడండి.

రెండుమూడు సార్లు గుచ్చినా రాకపోతే ఆ పూటకు ఆపేయండి. ఇన్సులిన్ వేళ అయింది, అంకె తెలియలేదు, ఏం చేయాలన్నది కూడా ఆ కాగితంలో ముందే రాయించుకుంటే మంచిది. చెవి అస్సలు ఇవ్వని పిల్లికి ముందు పంజా కింది మెత్తల్లో గుచ్చడం ఇంకో దారి. అది డాక్టర్ దగ్గర చూసి నేర్చుకోండి.

అంకె వచ్చాక

ఇక్కడ చెప్పేవన్నీ మిల్లీగ్రాములు/డెసిలీటర్ లెక్కలో ఉన్నాయి. మీ మీటర్ మిల్లీమోల్స్‌లో చూపిస్తే ఆ అంకెను 18తో గుణించండి. ఆరోగ్యంగా, నిమ్మళంగా ఉన్న పిల్లికి సుమారు 70 నుంచి 150 దాకా ఉంటుంది. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లికి ఆ స్థాయే రోజంతా ఉండాలని ఎవరూ ఆశించరు. రోజులో బాగా కిందికి దిగినప్పుడు 80-150 మధ్య ఉండి, మిగతా వేళల్లో 300 దాటకుండా ఉంటే మందు బాగా పనిచేస్తున్నట్టే లెక్క.

ప్రతి పూటా తిండికీ ఇన్సులిన్‌కూ ముందు చూసే అంకె అన్నిటికన్నా ముఖ్యం. అది డాక్టర్ రాసిచ్చిన హద్దుకన్నా తక్కువుంటే ఇన్సులిన్ ఆపి ఫోన్ చేయాలి. త్వరగా వైద్యం మొదలై, పిండిపదార్థం తక్కువున్న తిండి పెడితే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. సంతోషమే, కానీ ఆ మార్పు మనకు చెప్పి రాదు. నిన్నటిదాకా సరిపోయిన మోతాదు ఇవాళ ప్రమాదం కావచ్చు, దాన్ని ముందుగా పట్టిచ్చేది ఈ చుక్కే.

అంకె 60 లోపు ఉంటే షుగర్ పడిపోయినట్టే. పిల్లి మామూలుగానే ఉంటే వెంటనే తిండి పెట్టి డాక్టర్‌కు ఫోన్ చేయండి. తూలుతున్నా, వణుకుతున్నా, పిలిస్తే పలకకపోయినా తేనె గానీ గ్లూకోజ్ సిరప్ గానీ చిగుళ్లకు రాసి ఆసుపత్రికి బయల్దేరండి. మూర్ఛ వస్తుంటే నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిగుళ్లకు కొద్దిగా రాయడమే, అదీ కరవకుండా జాగ్రత్తగా. లక్షణాలు ఉండి చుక్క మాత్రం రాకపోతే పరీక్ష కోసం ఆగకండి, ముందు చిగుళ్లకు తీపి రాయండి.

ఎక్కువ వచ్చినప్పుడు కంగారు వద్దు, సొంతంగా ఇంకో రెండు యూనిట్లు ఎక్కించడం అసలే వద్దు. పొద్దున 350 ఉందంటే మందు చాలలేదనే అర్థం కానక్కర్లేదు. మధ్యలో బాగా పడిపోయి తిరిగి ఎగబాకి ఉండవచ్చు, లేదా మందు ప్రభావం ముందే అయిపోయి ఉండవచ్చు. ఇది తేల్చడానికే డాక్టర్లు ఒక రోజంతా పరీక్షించమంటారు: తిండి, ఇన్సులిన్ ముందు ఒకసారి, తర్వాత రెండేసి గంటలకు ఒకసారి, మళ్లీ ఇన్సులిన్ వేళ దాకా, అంటే 12 గంటలు. రెండు చెవులూ మార్చి మార్చి వాడండి. అదే పిల్లికి, అదే మోతాదుకు రెండు రోజుల అంకెలు రెండు రకాలుగా రావచ్చు, అందుకే ఒక్క రోజు లెక్కతో డాక్టర్ తొందరపడకపోతే విసుక్కోకండి. తేదీ, వేళ, అంకె, ఎన్ని యూనిట్లు ఇచ్చారు, ఎంత తిన్నది, ఇవి రాసిపెడితే చాలు. గుచ్చేటప్పుడు పెనుగులాడిందా అన్నదీ పక్కన రాయండి, ఆ అంకెను ఎంత నమ్మాలో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఎక్కువ అంకెతో పాటు తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ నీరసంగా పడి ఉంటే మాత్రం అది వేరే సంగతి. ఒంట్లో కీటోన్లు (గ్లూకోజ్ బదులు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే పదార్థాలు) పేరుకుని ఉండవచ్చు, ప్రాణానికే ప్రమాదం. పొద్దున చూద్దాంలే అనుకోకుండా ఆ గంటలోనే తీసుకెళ్లాలి.

ఏం చేసినా గుచ్చనివ్వని పిల్లులూ ఉన్నాయి. వాటికి డాక్టర్లు ఒంటి మీద కొంచెం జుట్టు తీసి చిన్న సెన్సర్ అతికిస్తారు. మనుషుల కోసం చేసిన ఫ్రీస్టైల్ లిబ్రే లాంటివే, 14 రోజులు పనిచేసేలా తయారైనవి. పిల్లి ఒంటి మీద చాలాసార్లు అంతకుముందే ఊడిపోతాయి. సెన్సర్ మరీ తక్కువ అంకె చూపించినప్పుడు వీలైతే చెవి చుక్కతో సరిచూసుకోవడం మేలు. కాబట్టి సెన్సర్ పెట్టించినా మీటర్‌ను అటకెక్కించకండి, చెవికి సీసా ఆనించి ముక్క పెట్టే అలవాటూ మాన్పించకండి.