స్నేహితులతో స్కీ ట్రిప్: గుంపులో కొత్తవాళ్లను బట్టి ప్లాన్ వేయండి

ఎనిమిది మంది కలిసి బయలుదేరితే ఇద్దరికి స్కీయింగ్ బాగా వచ్చి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఎప్పుడో ఒకసారి చేసి ఉంటారు. మిగతావాళ్లు స్కీలను చేత్తో కూడా ముట్టుకుని ఉండరు. స్నేహితుల గుంపులు చాలావరకు ఇలాగే ఉంటాయి. కానీ ప్లాన్ వేసేది మాత్రం బాగా వచ్చిన ఆ ఇద్దరే. వందల కిలోమీటర్ల పిస్త్‌లు (యంత్రంతో చదును చేసి గుర్తులు పెట్టిన మంచుదారులు) ఉన్న పెద్ద రిసార్ట్ ఎంచుకుంటారు, అందరికీ ఖరీదైన లిఫ్ట్ పాస్‌లు (కొండ పైకి చేర్చే లిఫ్ట్‌లు ఎక్కడానికి టికెట్లు) కొంటారు. కొత్తవాళ్లకు మొదటి మూడు రోజులూ కావలసినవి మూడే: నిదానమైన చిన్న వాలు, ఒక ఇన్‌స్ట్రక్టర్, కాలికి సరిపోయిన బూట్లు. వీటిని చూసుకున్నాకే మిగతా ఏర్పాట్లు.

ఎక్కడికి, ఎప్పుడు

ఆల్ప్స్‌లో సీజన్ సుమారుగా డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాల్లో, యూరప్ బడులకు సెలవులిచ్చే ఫిబ్రవరిలో జనం కిక్కిరిసి ఉంటారు. లిఫ్ట్ క్యూలలోనే సగం పూట పోతుంది, స్కీ స్కూల్లో చోటు దొరకదు. జనవరి మధ్యలో రద్దీ తక్కువ, మంచు బాగుంటుంది, చలి మాత్రం గట్టిగా ఉంటుంది. మార్చిలో ఎండ, పొడవాటి పగళ్లు. అయితే రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున గాజులా గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి నీరు పట్టి బరువెక్కుతుంది. ఆ బరువు మంచులో స్కీ తిప్పాలంటే కొత్తవాళ్ల మోకాళ్లు తట్టుకోలేవు. మార్చిలో వెళ్తే వాళ్ల క్లాసు పొద్దున పూటకే పెట్టండి. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య సెలవు దొరికేవాళ్లకు న్యూజీలాండ్, చిలీ, అర్జెంటీనా ఉన్నాయి.

రిసార్ట్ ఎంచుకునేటప్పుడు పిస్త్ మ్యాప్ తెరిచి రెండు విషయాలు చూడండి. మొదటిది, నేర్చుకునే వాలు ఊరి పక్కనే ఉందా, లేక గొండోలాలో (తీగ మీద వెళ్లే మూసిన క్యాబిన్) పైకి వెళ్లాలా? పైన ఉంటే తిరిగి గొండోలాలోనే దిగే వీలుండాలి. రెండోది, పై నుంచి కింది దాకా తెగకుండా వచ్చే బ్లూ దారి (మ్యాప్‌లో దారుల కష్టాన్ని రంగులతో చూపిస్తారు, బ్లూ అంటే తేలిక) ఉందా? కొన్నిచోట్ల బ్లూ దారి సగం దాకా వచ్చి, అంతకంటే కష్టమైన రెడ్‌లో కలిసిపోతుంది. కొత్తవాళ్లు అక్కడ ఇరుక్కుంటే కిందికి రావడం నరకమే.

రంగుల లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో గ్రీన్ అన్నిటికంటే తేలిక, తర్వాత బ్లూ, రెడ్, బ్లాక్. ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్‌లలో సాధారణంగా బ్లూతోనే మొదలవుతుంది. ఉత్తర అమెరికాలో గ్రీన్ సర్కిల్, బ్లూ స్క్వేర్, బ్లాక్ డైమండ్. అక్కడి బ్లూ మధ్యస్థాయి వాళ్లకు, మొదటి వారం వాళ్లకు కాదు. జపాన్‌లో గ్రీన్, రెడ్, బ్లాక్ అని మూడే మెట్లు. ఒక దేశంలో బ్లూ దిగినవాళ్లు ఇంకో దేశంలో కూడా అదే ధీమాతో బ్లూ ఎక్కకూడదు.

బస విషయంలో లిఫ్ట్‌కి ఎంత దూరమో చూడండి. మామూలు బూట్లతో అయిదు నిమిషాల నడక స్కీ బూట్లతో, భుజాన స్కీలతో, జారే రోడ్డు మీద పావుగంట అవుతుంది. ఆల్ప్స్‌లో అద్దె ఇళ్లు ఎక్కువగా శనివారం నుంచి శనివారానికి ఇస్తారు. అందుకే ఆ రోజు కొండదారులు నిండిపోతాయి. కారు తీసుకుంటే వింటర్ టైర్లు, స్నో చైన్లు ఉన్నాయో లేదో బుకింగ్ అప్పుడే అడగండి.

కాగితాలు, ఇన్సూరెన్స్

షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) కావలసినవాళ్లు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. దానికి 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీసా కోసం తీసుకున్న ఆ మామూలు పాలసీలో స్కీయింగ్ చాలాసార్లు ఉండదు. వింటర్ స్పోర్ట్స్ కవర్ విడిగా చేర్చుకోవాలి. అందులో కొండ మీంచి దించడం, హెలికాప్టర్, స్వదేశానికి తరలింపు, మీ వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే కట్టే పరిహారం, ఈ నాలుగూ ఉన్నాయో లేదో పాలసీ చదివి చూడండి. హెల్మెట్ లేకపోతే, మద్యం తాగి ఉంటే, పిస్త్ దాటి బయటికి వెళ్తే డబ్బు చెల్లించబోం అనే షరతులు కూడా వెతకండి. ఇటలీలో 2022 నుంచి థర్డ్ పార్టీ బీమా లేకుండా పిస్త్ ఎక్కకూడదు. 2025 నవంబర్ నుంచి అక్కడ పెద్దలకు కూడా హెల్మెట్ తప్పనిసరి. చట్టం ఉన్నా లేకపోయినా గుంపులో అందరూ హెల్మెట్ పెట్టుకోవాలనే నియమం మీరే పెట్టుకోండి.

పాస్‌లు అందరికీ ఒకటే కొనకండి. మొదటి రెండు మూడు రోజులు కొత్తవాళ్లు వాడేది ఒకటి రెండు చిన్న లిఫ్ట్‌లే. చాలా రిసార్ట్‌లలో వాటికి వేరే చౌక టికెట్ ఉంటుంది, కొన్నిచోట్ల ఉచితం. ఉమ్మడి ఖర్చులో ఇల్లు, వంట, రవాణా పెట్టుకుని పాస్, క్లాసు, అద్దె సామాను ఎవరివి వాళ్లు కట్టుకుంటే గొడవ ఉండదు.

బట్టలు

ఒంటికి తగిలే పొర మెరినో ఉన్ని గానీ పాలిస్టర్ గానీ అయి ఉండాలి. కాటన్ వద్దు. చెమటను పీల్చి తడిగా ఒంటికి అంటుకుపోతుంది, లిఫ్ట్‌లో కూర్చోగానే వణుకు పుడుతుంది. దాని మీద ఫ్లీస్, ఆపైన నీరు చొరని జాకెట్, ప్యాంటు. నీటిని ఆపే సామర్థ్యం 10,000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే సరిపోతుంది. కొత్తవాళ్లు మంచులో ఎక్కువసేపు కూర్చుంటారు కాబట్టి జాకెట్ కంటే ప్యాంటు మంచిది తీసుకోండి. గాగుల్స్ మీద ఎస్1 అని ఉంటే మబ్బుకి, ఎస్3 అని ఉంటే ఎండకి. ఒకటే కొనాలంటే ఎస్2. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి. మరిచిపోయేది అక్కడే, ఎండకు చర్మం కాలేదీ అక్కడే.

బూట్లు: ఇక్కడ తొందరపడకండి

ట్రిప్ పాడవడానికి మంచు కంటే బూట్లే ఎక్కువ కారణమవుతాయి. ఊరు చేరిన రోజు సాయంత్రమే అద్దె షాపుకి వెళ్లండి. పొద్దున తొమ్మిదికి వెళ్తే అక్కడ ఊరంతా ఉంటుంది, సిబ్బందికి మీ కాలు చూసే తీరిక ఉండదు.

సైజు మోండోపాయింట్‌లో చెబుతారు, అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో. గోడకు మడమ ఆనించి నిలబడి కొలిచి ఆ అంకె రాసుకుని వెళ్లండి. ఒకే ఒక్క జత పలుచటి పొడవాటి స్కీ సాక్సు వేసుకోండి. రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు. మడతలు పడి నొక్కుకుంటాయి, రక్తం ఆడదు, కాలు ఇంకా చల్లబడుతుంది. లోపలి ప్యాంటు అంచు బూటులోకి వెళ్లకూడదు. మోకాలి కింది ఎముక దగ్గర ఆ ఒక్క మడత సాయంత్రానికి పుండు చేస్తుంది.

కాలు పెట్టాక మడమను నేలకేసి వెనక్కి రెండు సార్లు తట్టండి. ముందు పై బకిల్స్ వదులుగా పెట్టి, మోకాళ్లు ముందుకు వంచి, అప్పుడు కిందివి పెట్టండి. చివరగా పైవి బిగించండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు అంచుకు తగలాలి. మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి రావాలి. వంచినా వేళ్లు ముడుచుకునే ఉంటే బూటు చిన్నది. వంచినప్పుడు మడమ పైకి లేస్తే పెద్దది. అద్దెకు తీసుకునే కొత్తవాళ్లు దాదాపు అందరూ పెద్దదే హాయిగా ఉందని ఎంచుకుంటారు, తర్వాత కాలు కదలకుండా ఉండాలని బకిల్స్ మరీ బిగిస్తారు. తిమ్మిరికి అసలు కారణం అదే. షాపులోనే పది నిమిషాలు వేసుకుని తిరగండి. రెండో రోజు నొప్పి ఉంటే సిగ్గుపడకుండా వెళ్లి మార్చుకోండి. మారుస్తారు.

రాత్రి బూట్లను చల్లటి గదిలో వదలకండి. లోపలి లైనర్ తడి ఆరదు, ప్లాస్టిక్ బిగుసుకుపోయి పొద్దున కాలు దూరదు.

బైండింగ్ లెక్క

స్కీ పొడవు కొత్తవాళ్లకు ఛాతీకి, గడ్డానికి మధ్య ఉంటే తిప్పడం తేలిక. పొడవు కంటే ముఖ్యమైనది బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలే బిగింపు) బిగుతు. దాన్నే డిన్ అంటారు. మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీ స్కీయింగ్ తీరు, ఈ అయిదింటిని బట్టి షాపులో సెట్ చేస్తారు. బరువు తగ్గించి చెబితే మామూలు మలుపులోనే స్కీ ఊడిపోతుంది. గొప్పకి అనుభవం ఎక్కువ చెబితే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలి లిగమెంట్ తెగుతుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. స్నేహితులు సరదాగా స్కీలు మార్చుకోకూడదనేది కూడా ఇందుకే. అద్దె స్కీలన్నీ ఒకేలా కనిపిస్తాయి. మీ జత నంబర్‌ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. భోజనానికి ఆగినప్పుడు మీ స్కీ ఒకటి, స్నేహితుడి స్కీ ఒకటి కలిపి ఒకచోట, మిగతా రెండూ ఇంకోచోట పెడితే దొంగ ముట్టుకోడు, పొరపాటున ఇంకెవరూ పట్టుకెళ్లరు.

మొదటి రోజు

బాగా వచ్చిన స్నేహితుడు నేర్పిస్తానంటాడు. వద్దని చెప్పండి. చేయడం వేరు, నేర్పడం వేరు. అతను ఎప్పుడో మరిచిపోయిన మొదటి మెట్లే కొత్తవాళ్లకు కావాలి. పైగా అతని సెలవు కూడా పోతుంది. మూడు పొద్దులు గ్రూప్ క్లాసు బుక్ చేయండి.

స్కీ పెట్టుకునే ముందు బూటు అడుగున అంటిన మంచు గీరేయాలి. ఒక్క ముద్ద ఉన్నా బైండింగ్ సరిగా పట్టదు. ముందు వేళ్లవైపు పెట్టి తర్వాత మడమ నొక్కండి. వాలు మీదైతే స్కీలు వాలుకు అడ్డంగా ఉండాలి, కిందివైపు స్కీ ముందు పెట్టుకోవాలి.

ఆగడానికి స్నోప్లౌ: ముందు కొసలు దగ్గరగా, మడమలు బయటికి, పిజ్జా ముక్క ఆకారం. కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. భయం వేయగానే ఒళ్లు వెనక్కి వాలుతుంది. అక్కడే అంతా చెడుతుంది. బరువు వెనక్కి పోతే స్కీ ముందు భాగం మంచును పట్టదు, తిరగదు, ఇంకా వేగం పెరుగుతుంది, తొడలు మండిపోతాయి. మోకాలి కింది ఎముక బూటు ముందు నాలుకను ఎప్పుడూ నొక్కుతూ ఉండాలి. చేతులు ముందుకు, చూపు దూరానికి. ఎవరైనా వెనక్కి వాలుతుంటే చెప్పాల్సిన మాట ఒక్కటే: "కాలితో బూటు ముందుకు నొక్కు."

పడక తప్పదనిపిస్తే పక్కకు కూర్చున్నట్టు పడండి, పోల్స్ (చేతి కర్రలు) వదిలేయండి. పోల్ పట్టుకునే పడితే బొటనవేలి లిగమెంట్ దెబ్బతింటుంది. జారుతుండగానే లేవబోవడం మోకాలికి ప్రమాదం. పూర్తిగా ఆగాక స్కీలను వాలుకు అడ్డంగా, ఒంటికి కిందివైపుకు తెచ్చి లేవండి.

చైర్‌లిఫ్ట్‌లో పోల్ పట్టీలు మణికట్టుకు ఉండకూడదు, రెండూ ఒక చేతిలో పట్టుకోండి. కూర్చోగానే బార్ దించండి. దిగేచోట స్కీ కొసలు పైకెత్తి, నేల తగలగానే లేచి నిలబడి, నేరుగా ముందుకు పోయి దారి వదలండి. టీ-బార్ (ఇద్దరిని నేల మీదే పైకి లాగే టీ ఆకారపు కడ్డీ) మీద మాత్రం కూర్చోకూడదు. అది వెనకనుంచి తోస్తుంది అంతే. కూర్చుంటే ఇద్దరూ పడతారు. పాస్ కార్డు ఎడమ జేబులో ఒంటరిగా ఉంచండి. గేట్ రీడర్ సాధారణంగా ఎడమవైపే ఉంటుంది, ఫోన్ పక్కనుంటే చదవదు.

గుంపుగా తిరగడం

రోజంతా అందరూ కలిసి ఉండాలని పట్టుపట్టకండి. పొద్దున ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లు. మధ్యాహ్నం ఒంటిగంటకు కొత్తవాళ్లు గొండోలాలో చేరగలిగే చోట భోజనం. ఆ తర్వాత కలిసి ఒక బ్లూ దారి. ముందు ఒకరు నడిపించాలి, అందరికంటే చివర బాగా వచ్చినవాళ్లలో ఒకరు రావాలి. ఆగేటప్పుడు పిస్త్ అంచున, పైనుంచి వచ్చేవాళ్లకు కనబడేచోట ఆగాలి. మలుపు వెనకా, గుట్ట కిందా ఆగకూడదు. ముందు, కింద ఉన్నవాళ్లకే దారి హక్కు. వెనకనుంచి వచ్చేవాళ్లే తప్పుకోవాలి. ఇది అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమం, ప్రమాదం జరిగితే తప్పెవరిదో తేల్చేటప్పుడు చూసేదీ ఇదే.

మధ్యాహ్నం మూడు దాటాక కాళ్లు అలిసిపోతాయి, మంచు గతుకులు పడుతుంది, వెలుతురు మందగించి నీడలు తెలియక గుంతలు కనబడవు. "ఇంకొక్కసారి" అనేది అప్పుడే. అలసినవాళ్లు గొండోలాలో దిగనివ్వండి. చివరి లిఫ్ట్ సమయం అందరి ఫోన్‌లలో ఉండాలి. అది తప్పితే పక్క లోయ నుంచి టాక్సీలో చుట్టూ తిరిగి రావాల్సి రావచ్చు.

పిస్త్ పక్కన ఎవరివో స్కీ గీతలు కనిపించాయని హద్దు తాడు దాటి వెళ్లకండి. హిమపాత ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెలతో రోజూ ప్రకటిస్తారు. 3 అంటే మధ్యస్థం అనిపిస్తుంది, కానీ ప్రాణాలు పోయే ప్రమాదాల్లో చాలా భాగం ఆ రోజుల్లోనే జరుగుతాయి. ట్రాన్సీవర్ (మంచులో కూరుకున్నవాళ్లను సిగ్నల్‌తో కనిపెట్టే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార, వాటిని వాడటంలో శిక్షణ, స్థానిక గైడ్, ఇవన్నీ ఉన్నవాళ్ల పని అది.

ఎవరికైనా దెబ్బ తగిలితే కొన్ని మీటర్ల పైన రెండు స్కీలను ఎక్స్ ఆకారంలో మంచులో గుచ్చండి. పడ్డవాళ్లను కదపకండి, బూటు విప్పకండి. విప్పితే వాచిన కాలు మళ్లీ దూరదు, విరిగిన ఎముకకు ఆధారం పోతుంది. మీ జాకెట్ కప్పండి. పాస్ మీద గానీ మ్యాప్ మీద గానీ ఉన్న పిస్త్ ప్యాట్రోల్ (దారుల మీద సహాయానికి వచ్చే సిబ్బంది) నంబర్‌కి ఫోన్ చేయండి, దొరక్కపోతే యూరప్‌లో 112. పిస్త్ పేరు, పక్కనున్న గుర్తు కర్ర మీది అంకె చెబితే నేరుగా వస్తారు. ఇంకెవరైనా ఢీకొట్టి ఉంటే వాళ్ల పేరు, ఫోన్, చూసినవాళ్ల వివరాలు అక్కడే రాసుకోండి. ఆసుపత్రి బిల్లు కట్టే ముందే ఇన్సూరెన్స్ అత్యవసర నంబర్‌కి ఫోన్ చేసి కేసు నంబర్ తీసుకోండి, ప్యాట్రోల్ వాళ్లిచ్చే రిపోర్టు జాగ్రత్త చేయండి.