పాత రికంబెంట్ కొనేముందు స్కేలు తీసుకెళ్లండి

వెనక్కి వాలి తొక్కే రికంబెంట్ సైకిల్ పాతది దొరికితే రంగు చూసి మురిసిపోకండి. ముందుగా టైరు పక్కనున్న అంకె చదవండి. 20 అంగుళాల చక్రాల్లోనే 406, 451 (రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో) అని రెండు సైజులుంటాయి, ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. 406 అయితే పిల్లల సైకిల్ టైరుతో నల్లగొండలోనే పని నడుస్తుంది.

ఇక చైన్. మామూలు చైన్లు రెండుమూడు కలిపినంత పొడవు, అరిగిందంటే ఖర్చూ అంతే. ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెడితే సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఇంకో పిన్ను రావాలి. ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటిందా, కొత్త చైన్ డబ్బులు బేరంలో కోసెయ్యండి.

ట్రయల్ మాత్రం ఎత్తు రోడ్డు మీదే వెయ్యండి. దీని మీద లేచి నిలబడి తొక్కడం కుదరదు, మోకాళ్లకే తెలుస్తుంది.